పదును కాకముందే దుడ్లు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెల్లారుజామున మూడింటికి తాహో మంచు కొండలకి బయల్దేరాం. ఆరున్నరకి ఐ-80 హైవే మీద బండ్లన్నీ బారులు తీరి ఆగిపోయాయి. రోడ్డు పక్క బోర్డు మీద ‘ఆర్-2’ అని వెలుగుతోంది. అంటే, ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయ్యుండి నాలుగిటికీ మంచు టైర్లుంటే సరే, లేకపోతే టైర్లకి గొలుసులు కట్టాల్సిందే. మాది సియెన్నా, ముందు చక్రాలు లాగే రకం. గొలుసులు డిక్కీలో అడుగున ఉన్నాయి. వాటి మీద మూడు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కరు, పులిహోర డబ్బా.

అన్నీ దింపి, మంచులో మోకాళ్ళ మీద కూచుని, గరాజ్‌లో యూట్యూబ్ చూసి ఒక్కసారి చేసిన పని మళ్ళీ మొదలుపెట్టాను. గొలుసుని టైరు వెనకనుంచి చుట్టి లోపలివైపు కొక్కెం తగిలించాలి. అది కంటికి కనపడదు, చేత్తో తడుముకోవాల్సిందే. గ్లవ్స్ ఉంటే వేళ్ళకి కొక్కెం తెలియదు, గ్లవ్స్ తీస్తే వేళ్ళున్నాయో లేవో తెలియదు. పది నిమిషాలు పెనుగులాడాక పసుపు జాకెట్ వేసుకున్న ఒకాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. జాకెట్ మీద లైసెన్సు నంబరుంది. నలభై డాలర్లన్నాడు. బేరమాడే ఓపిక నాకు లేదు. రెండు చక్రాలూ కలిపి ఆయనకి నాలుగు నిమిషాలు పట్టలేదు. కాస్త ముందుకి నడపమన్నాడు, ఆపమన్నాడు, ఇంకోసారి బిగించాడు, బానెట్ మీద రెండు చరుపులు చరిచి పక్క బండి దగ్గరికి పోయాడు.

ఆ రోజు మంచు పడ్డందుకు అక్కడికక్కడ చేతిలో డబ్బు పడిన మనిషి ఆయనొక్కడే అని చాలా రోజుల తర్వాత తట్టింది. ఆ కొండ మీద తిరిగిన మిగతా డబ్బులో చాలా భాగం ఎప్పుడో సీజను మొదలవకముందే, మంచు పడుతుందో లేదో ఎవరికీ తెలియనప్పుడే చేతులు మారిపోయింది.

మాది అనంతపురం జిల్లా. జేజినాయన వానాధారం మీద శనక్కాయ పండించేవాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అది. ఆ లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది, పడాల్సిన రోజున పడదు, అంతే. జూన్‌లో ఇత్తనాలు ఇంట్లో పెట్టుకుని మొగులు వైపు చూస్తూ కూచోవడం, వానకి నేల తడిసి పదునైతే ఉరుకులు పరుగుల మీద ఇత్తడం, ఊడలు దిగే వేళకి వాన మొహం చాటేస్తే తలపట్టుకోవడం, ఇదీ మా ఇంట్లో కాలెండరు. అందుకేనేమో, తాహో కొండల్లో, కాళ్ళకి పలకలు కట్టుకుని మంచు మీద జారే స్కీ రిసార్టుని మొదటిసారి చూసినప్పుడు మా వాళ్ళందరూ సెల్ఫీలు తీసుకుంటుంటే నాకు వచ్చిన మొదటి అనుమానం ఒకటే: ఇది కూడా వానాధారపు సేద్యమే కదా, మంచు పడని ఏడు వీళ్ళ గతేంటి?

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియా తెలుగువాళ్ళకి తాహో పేరు కొత్త కాదు. ప్రతి చలికాలం వాట్సాప్‌లో ఒక ‘తాహో ట్రిప్’ గ్రూపు పుడుతుంది, మూడు కుటుంబాలు కలిసి ఒక కేబిన్ తీసుకుంటాయి, వంటల జాబితా మీద చర్చ రెండు వారాలు నడుస్తుంది. ఆ చుట్టుపక్కలున్న స్కీ కొండల్లో చరిత్ర ఎక్కువున్నది పాలిసేడ్స్ తాహో. 2021 దాకా దాని పేరు స్క్వా వ్యాలీ. లోయ నేల సముద్రమట్టానికి 6,200 అడుగుల ఎత్తు, శిఖరాలు తొమ్మిదివేల దగ్గర. మామూలు ఏడాదిలో పైన 400 అంగుళాల మంచు, అంటే ముప్ఫయ్యడుగుల పైమాట. ఆ ‘మామూలు’ అన్న మాటని మా జిల్లా 550 మిల్లీమీటర్లంతగానే నమ్మాలి. 2015 ఏప్రిల్ 1న సియెర్రా పర్వతాల్లో మంచు కొలిచే చోటుకి అప్పటి గవర్నరు జెర్రీ బ్రౌన్ స్వయంగా వెళ్ళి, అడుగుల కొద్దీ మంచుండాల్సిన చోట ఎండుగడ్డి మీద నిలబడి నీటి కోతలు ప్రకటించాడు. ఆ ఏడు రాష్ట్రమంతటా ఉన్న మంచు సగటులో 5 శాతం. ఎనిమిదేళ్ళ తర్వాత, 2022-23లో, అదే కొండల మీద 700 అంగుళాలు దాటింది. ఇళ్ళ కిటికీలు మునిగాయి, జనాన్ని కొండపైకి మోసే లిఫ్టుల్ని తవ్వి బయటికి తీశారు. ఇలాంటి ఆకాశాన్ని నమ్ముకుని వ్యాపారం పెట్టడానికి మొండి గుండె కావాలి.

ఆ గుండె ఉన్నవాళ్ళు మొదట ఇద్దరు. వేన్ పౌల్సెన్ దగ్గర్లోని రీనో కుర్రాడు, స్కీ పోటీల్లో ఎగిరి దూకేవాడు, తర్వాత పాన్ ఆమ్ విమానాల పైలట్. ఈ లోయలో రైల్వే కంపెనీ భూములుండేవి. పందొమ్మిదో శతాబ్దంలో పట్టాలు వేసినందుకు ప్రభుత్వం చదరంగం బల్ల గడుల్లాగా ఒకటి విడిచి ఒకటి రాసిచ్చిన భూములు. పౌల్సెన్ వాటిని కొన్నాడు. స్థలముంది, డబ్బు లేదు. అప్పుడు కలిశాడు అలెక్స్ కుషింగ్. హార్వర్డ్ చదువు, న్యూయార్కులో లాయరు, పెద్దింటి పరిచయాలు. డబ్బు పోగుచేసి పట్టుకొచ్చాడు. భూమి ఒకరిది, పెట్టుబడి ఒకరిది అయితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1949లో థాంక్స్‌గివింగ్‌కి రిసార్టు తెరిచేలోపే ఇద్దరికీ చెడింది. కంపెనీ కుషింగ్ చేతికి పోయింది. లోయ అడుగున భూములు పౌల్సెన్ దగ్గర మిగిలాయి.

పౌల్సెన్ కుటుంబానికి ఆ కొండ మీద ఇంకొకటి మిగిలింది, ఒక పేరు. ఆయన భార్య శాండీ ఒక నిట్టనిలువు వాలు మీద ఇరుక్కుపోయి, జారే ధైర్యం చాలక, నిలబడ్డ చోటే ఒక కాలెత్తి స్కీని వెనక్కి తిప్పుకుంటూ అడ్డంగా దిగిందట. ఆ తిప్పుడుని కిక్ టర్న్ అంటారు. అలా ఇరవై రెండుసార్లు తిరిగితే గానీ కిందకి చేరలేదు. ఆ శిఖరం పేరు ఇప్పటికీ కేటీ-22. దేశంలో పేరుమోసిన స్కీ వాలుల్లో ఒకదానికి భయపడి దిగిన మనిషి లెక్క పేరయ్యిందంటే నాకు ఎంత ధైర్యమొచ్చిందో చెప్పలేను.

కుషింగ్ తెరిచినప్పుడు అక్కడున్నవి ఇద్దరు పక్కపక్కన కూచునే చెయిర్‌లిఫ్టు ఒకటి, తాడు పట్టుకుని పైకి పోయే రోప్ టోలు రెండు, 50 గదుల లాడ్జి. మొదటి చలికాలాల్లోనే కొండ మీంచి విరిగిపడ్డ మంచు చరియలు లిఫ్టు స్తంభాల్ని పడగొట్టాయి. 1954 చివర్లో, 1960 శీతాకాల ఒలింపిక్స్‌కి రీనో వాళ్ళు ప్రయత్నిస్తున్నారని పేపర్లో చదివి, మనమూ ఒక దరఖాస్తు పడేస్తే పోలా అనుకున్నాడు. ఒలింపిక్స్ మీద తనకి ఏ ఆశా లేదనీ, పేపర్లలో పేరు పడుతుందని చేశాననీ తర్వాత తనే ఒప్పుకున్నాడు. 1955 జూన్‌లో పారిస్‌లో ఓట్లు లెక్కపెడితే ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కి 30, స్క్వా వ్యాలీకి 32. వందల ఏళ్ళ ఊరు ఓడిపోయింది. ఊరే లేని లోయ గెలిచింది.

గెలిచాక వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు లేదు, మంచినీళ్ళు లేవు, స్టేడియం లేదు, ఆటగాళ్ళకి పడకల్లేవు. కాలిఫోర్నియా మొదట పది లక్షల డాలర్లిచ్చింది. ఆట అయ్యేటప్పటికి మొత్తం ఖర్చు ఎనిమిది కోట్ల డాలర్ల దాకా తేలింది. అందులో పెద్ద వాటా జనం పన్నులు. మంచు గాడిలో బండి మీద కూచుని జారే బాబ్‌స్లెడ్ పోటీకి ట్రాకు కడితే దండగని కట్టనే లేదు. శీతాకాల ఒలింపిక్స్ మొత్తం చరిత్రలో బాబ్‌స్లెడ్ లేనిది ఆ ఒక్కసారే. ప్రారంభోత్సవం హంగులు వాల్ట్ డిస్నీకి అప్పగించారు. ఫిబ్రవరి 18న ఉపాధ్యక్షుడు నిక్సన్ వచ్చే వేళకి మంచు తుపాను కమ్మేసింది, ఉత్సవం గంట ఆలస్యమైంది, తీరా మొదలయ్యే సమయానికి మబ్బులు విడిపోయి ఎండ కాసింది. డిస్నీ ఎండని కూడా బుక్ చేశాడని జోకులేసుకునుంటారు. 30 దేశాల నుంచి 665 మంది ఆటగాళ్ళు. ఫలితాలు లెక్కకట్టడానికి ఐబీఎం ఒక కంప్యూటరు పెట్టింది, ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. టీవీ హక్కులకి సీబీఎస్ చానలు ఇచ్చింది 50,000 డాలర్లు. ఫ్రాన్స్ వాడు జాన్ వ్యుఆర్నే లోహపు స్కీల మీద డౌన్‌హిల్, అంటే వాలు మీంచి అతివేగంగా దిగే పోటీ, గెలిస్తే చెక్క స్కీల కాలం అక్కణ్ణుంచి ముగియడం మొదలైంది.

ఓడిపోయిన ఇన్స్‌బ్రుక్ కథ కూడా చెప్పేస్తాను, మన మాటకి అతుకుతుంది. ఆ ఊరికి 1964 ఆటలు దక్కాయి. తీరా ఆ ఏడు మంచే పడలేదు. ఆస్ట్రియా సైన్యం కొండల మీంచి జారుడు బండ్ల ట్రాకులకి 20,000 మంచుగడ్డ దిమ్మలు, స్కీ వాలులకి 40,000 ఘనమీటర్ల మంచు మోసుకొచ్చింది. శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున మొదటిసారి దిగింది అక్కడే. జెరెమీ బుజకోవ్‌స్కీ అని, పోలండ్‌లో పుట్టి మన దేశంలో పెరిగినవాడు. సైనికులు మోసుకొచ్చిన మంచు మీద మన జెండా. బకెట్లతో నీళ్ళు మోసి చెట్లు బతికించుకునే మా ఊరివాళ్ళకి ఇది వింతగా ఏమీ అనిపించదు.

ఇక్కడొక్క క్షణం ఆగి లెక్క చూడండి. 1949లో మంచు పడకపోతే మునిగేది కుషింగ్, ఆయనకి డబ్బిచ్చిన స్నేహితులు. 1960లో పడకపోతే నష్టం కాలిఫోర్నియా ఖజానాది, అంటే జనానిది. ఆటలయ్యాక కట్టడాలు, రోడ్డు, పేరు మిగిలాయి. పేరు మాత్రం కుషింగ్‌కి దక్కింది. ఆటల కోసం కట్టిన బ్లైత్ అరీనా పైకప్పు 1983లో మంచు బరువుకే కూలిపోయింది. మంచు మీద కట్టిన పందెంలో ఆ లోయ గెలిచిందనే నేను ఒప్పుకుంటాను. కానీ పందెం డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందన్నది ఒక్కో కాలంలో ఒక్కో జవాబు.

మిగతా యాభై ఏళ్ళు తొందరగా దాటేస్తాను. అన్నీ సంబరాలేం కావు. 1978 ఏప్రిల్‌లో కేబుల్ కారు ఒక తీగ మీంచి తప్పి, తీగ పెట్టెలోకి కోసుకొచ్చి నలుగురు పోయారు. పక్కనున్న ఆల్పైన్ మెడోస్‌లో 1982 మార్చి 31న విరిగిపడ్డ మంచు చరియ ఏడుగుర్ని మింగింది. కూలిన భవనం కింద ఐదు రోజులున్న ఒక ఉద్యోగినిని ప్రాణాలతో తీశారు. కుషింగ్ 2006లో చనిపోయాడు. 2010లో కేఎస్ఎల్ అనే పెట్టుబడి సంస్థ కొనేసింది, మరుసటి ఏడు ఆల్పైన్ మెడోస్‌ని కూడా కలిపింది. 2022 డిసెంబరులో రెండు కొండల్నీ కలుపుతూ తీగ మీద పెట్టెల్లో కూచుని పోయే 2.4 మైళ్ళ గొండోలా వేశారు, పదహారు నిమిషాల ప్రయాణం. కింద హోటళ్ళు, అపార్ట్‌మెంట్లు, ఇంట్లోపలే జారుడు బల్లలుండే నీళ్ళ పార్కుతో సహా ఒక చిన్న పట్నం కడతామన్న ప్లాను మీద 2011 నుంచి కొట్లాట సాగింది. జిల్లా బోర్డు ఒప్పుకోవడం, కోర్టు కొట్టేయడం, మళ్ళీ ఒప్పుకోవడం అయ్యి, చివరికి 2025లో రాజీ కుదిరి ప్లాను బాగా తగ్గింది.

పేరు సంగతి మాత్రం దాటలేను. ఆ లోయ వాషో తెగ వాళ్ళది. ఎండాకాలం అక్కడికి వచ్చి వేటాడుకుని, గింజలేరుకుని, చలికి కిందకి దిగేవాళ్ళు. ‘తాహో’ అన్న మాటే వాళ్ళ భాషలోంచి వచ్చింది. ‘స్క్వా’ అన్నది ఆదివాసీ ఆడవాళ్ళని కించపరిచే తిట్టు. కంపెనీ 2021 సెప్టెంబరులో పేరు మార్చుకుంది. మరుసటి ఏడు ప్రభుత్వం అక్కడి స్క్వా పీక్ శిఖరం పేరు వాషేషూ పీక్ అని మార్చింది. ఎందుకింత హడావిడి, అలవాటైన పేరే కదా అని మన గ్రూపుల్లో కూడా కొందరన్నారు. కులం పేరుతో ఊరికి ఒక మూల మిగిలిపోయిన వాడల్ని ఎరిగినవాళ్ళం, మనమా ఆ మాట అనేది?

ఇప్పుడు అసలు సంగతి.

1962లో కొలరాడోలో వేల్ అనే రిసార్టు తెరిచినప్పుడు రోజు టికెట్టు 5 డాలర్లు. ఇప్పటి డబ్బుల్లో యాభై అనుకోండి. ఈ మధ్య అదే వేల్‌లో రద్దీ రోజున కౌంటర్లో టికెట్టు 300 డాలర్లు దాటింది. తాహోలో పెద్ద కొండల్లో పండగ రోజుల్లో 200 దాటి చాలా కాలమైంది. కొండ ఆరు రెట్లు పెరగలేదు. పెరిగింది ఇంకొకటి.

2008లో వేల్ కంపెనీ ఎపిక్ పాస్ అని ఒకటి తెచ్చింది. 579 డాలర్లకి సీజనంతా, వాళ్ళ కొండలన్నిట్లో, ఎన్నిసార్లయినా. అంతకుముందు వేల్‌లో సీజనంతా ఆంక్షల్లేని పాసే వెయ్యి దాటి ఉండేది. ఒకే షరతు: ముందే కొనాలి. వసంతంలో, వేసవిలో, మరీ ఆలస్యమైతే డిసెంబరు మొదట్లోపు. సీజను ఊపందుకున్నాక అమ్మరు. తాహోలో హెవెన్లీ, నార్త్‌స్టార్, కిర్క్‌వుడ్ ఆ గొడుగు కిందకి చేరాయి. 2018లో దానికి పోటీగా ఆల్టెరా కంపెనీ ఐకాన్ పాస్ తెచ్చింది, పాలిసేడ్స్ ఆ గొడుగు కింద ఉంది. దేశంలో స్కీ చేసేవాళ్ళలో చాలామంది ఇప్పుడు ఈ రెండు జట్లలో ఏదో ఒకదాంట్లో ఉంటారు.

చవకగా ఇచ్చారు, ఇందులో తప్పేముంది అంటారా? నేనూ అదే అనుకున్నాను. పాస్ అమ్మకం నిజానికి టికెట్టు తగ్గింపు కాదు. మంచు పడకపోతే వచ్చే నష్టాన్ని కంపెనీ భుజం మీంచి మన భుజం మీదకి మార్చడం. డిసెంబరుకల్లా కంపెనీ ఖాతాలో డబ్బుంటుంది. తర్వాత 700 అంగుళాలు పడ్డా, ఎండుగడ్డి మిగిలినా ఆ డబ్బు కదలదు. 2020 మార్చి మధ్యలో కోవిడ్‌తో దేశంలో పెద్ద రిసార్టులన్నీ రాత్రికి రాత్రి మూసేసినప్పుడు ఈ సంగతి చాలామందికి మొదటిసారి తెలిసొచ్చింది. కోర్టుల దాకా వెళ్ళారు కూడా. మరుసటి ఏటి పాసులో కొంత తగ్గింపు ఇచ్చారు, ఇలాంటి మూసివేతలకి రక్షణ ఉండే నిబంధనలు చేర్చారు. కానీ మంచు పలచగా పడ్డ మామూలు ఏడాదికి రక్షణ లేదు. సగం లిఫ్టులు తెరవకపోయినా ‘రిసార్టు తెరిచే ఉంది’.

ఇక కౌంటర్లో 200 డాలర్ల టికెట్టు. అది కొనమని పెట్టిన ధర కాదు, పాస్ చవకగా కనపడాలని పెట్టిన ధర. చీరల కొట్లో పైన పదివేల చీర పరిచి మూడువేలది చేతిలో పెడతారే, ఆ పదివేల చీర అన్నమాట. తేడా ఏమిటంటే ఇక్కడ కొందరు దాన్ని నిజంగానే కొంటారు. ఎవరు? స్కీ అలవాటున్న వాళ్ళు కొనరు, వాళ్ళు ఏప్రిల్‌లోనే పాస్ తీసుకుంటారు. కొనేది ఏడాదికి ఒక్కసారి, పిల్లలకి మంచు చూపించాలని వచ్చే మనం. మంచు పడుతుందో లేదో, ఆఫీసులో సెలవు దొరుకుతుందో లేదో, వీసా స్టాంపింగుకి ఇండియా వెళ్ళాల్సొస్తుందో ఏమో, ఏప్రిల్‌లో ఏం తెలుస్తుంది మనకి? తెలిశాక కొందామంటే ఆ ధర.

మొదటిసారి మేం వెళ్ళిన కొండ పేరు అనవసరం. నలుగురికి టికెట్లు, అద్దె బూట్లు, స్కీలు, పిల్లలిద్దరికీ రెండు గంటల పాఠం, కలిపితే వెయ్యి డాలర్లు దాటింది. ఆ వెయ్యి డాలర్లకి నాకు దక్కింది చిన్నపిల్లలు నేర్చుకునే వాలు మీద మూడు గంటలు. స్కీ బూటు వేసుకుంటే మడమ కదలదు, చీలమండ వంగదు, నడుస్తుంటే గుర్రపుడెక్కలు తగిలించినట్టుంటుంది. ఆగాలంటే స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి వెనక కొసలు దూరం చేయాలి. పిల్లలకి ఆ ఆకారాన్ని పిజ్జా అని నేర్పుతారు. తిన్నగా పోవడానికి ఫ్రెంచ్ ఫ్రైస్. ఆరేళ్ళ మావాడు గంటలో పిజ్జా పట్టేశాడు. నేను పడ్డాను. పడ్డం కష్టం కాదు, లేవడం. స్కీల కొసలు వాలు వైపుంటే లేవబోయిన ప్రతిసారీ అవి జారుకుంటాయి. రెండు కాళ్ళూ గాల్లోకెత్తి, స్కీలని వాలుకి అడ్డంగా తిప్పి ఆనించి, అప్పుడు చేతి కర్ర మీద బరువేసి లేవాలి. ఈ రహస్యం నాకు చెప్పింది పక్కనుంచి జారిపోతున్న ఒక ఏడేళ్ళ పిల్ల. ఆగకుండానే చెప్పింది.

ఒకటి మాత్రం మరిచిపోలేను. తెల్లవారి మొదటి లిఫ్టు ఎక్కినప్పుడు కిందంతా సన్నటి చాళ్ళు. రాత్రంతా పెద్ద యంత్రాలు తిరిగి మంచుని దువ్వి వదిలిన గీతలు. స్కీ వాళ్ళు వాటిని కార్డురాయ్ గుడ్డతో పోలుస్తారు. నాకు మాత్రం కొత్తగా దున్ని ఇత్తనానికి సిద్ధంగా ఉన్న చేను కనిపించింది. అటుపక్క గొట్టాల్లోంచి నీళ్ళు, గాలీ కలిపి చిమ్మి మంచు తయారుచేసే యంత్రాలు. అవి వీళ్ళ బోరుబావులు. బోరుబావికి నేలలో నీళ్ళు కావాలి, వీటికి గాలిలో చలి కావాలి. చలి లేని రాత్రి ఎంత కరెంటు తగలేసినా వాటి నుంచి వచ్చేది తుంపర నీళ్ళే. పైగా అవి తడపగలిగేది కింది వాలులు కొన్ని. కొండంతటికీ బోరు లేదు.

మరుసటి ఏడు తెలివి తెచ్చుకుని పాస్ కొన్నాను. అప్పుడు మొదలైంది ఇంకో జబ్బు. బఫేలో డబ్బులు కట్టాక ఆకలి లేకపోయినా మూడోసారి ప్లేటు నింపుకునే జబ్బు. ఎన్నిసార్లు వెళ్తే అంత చవక కదా. తుపాను హెచ్చరికలున్నా శుక్రవారం రాత్రి బండి తీశాను. మనలాంటి వాళ్ళందరూ అదే లెక్క వేసుకోవడంతో హైవే 89 మీద ట్రకీ నుంచి లోయ దాకా పది మైళ్ళకి రెండు గంటలు. కార్లు పట్టక పాలిసేడ్స్‌లో 2023-24 నుంచి వారాంతాల్లో పార్కింగుకి ముందే రిజర్వేషన్ పెట్టారు. కొండ ఎక్కే హక్కు ఏప్రిల్‌లో కొనుక్కున్నవాణ్ణి, బండి ఆపుకునే హక్కు కోసం డిసెంబరులో ఫోన్ పట్టుకుని కూచున్నాను.

అటుపక్క వాదన కూడా బలమైనదే, కాదనను. ముందే డబ్బు చేతిలో ఉంటేనే లిఫ్టులు మారుస్తారు, గొండోలాలు వేస్తారు, మంచు పడని ఏడు కూడా వంటవాడికీ, లిఫ్టు కుర్రాడికీ జీతమిస్తారు. పాసులు లేని కాలంలో రెండు మూడు పొడి శీతాకాలాలు వరసగా వస్తే చిన్న కొండలు మూతపడిపోయేవి. తరచూ వెళ్ళేవాడికి స్కీ ఇంత చవక ఎప్పుడూ కాలేదు. ఇదంతా నిజం. వీళ్ళ పద్ధతి చూసి నాకు కోపం కంటే అసూయే ముందొచ్చింది.

ఎందుకంటే మా నాయన ఇక్కడికొచ్చినప్పుడు ఇదే మాట నడిచింది. లిఫ్టు కింద బెంచీ మీద శాలువా కప్పుకుని కూచుని, పైకి పోయే కుర్చీల్ని లెక్కపెడుతున్నాడు.

“మంచు పడకపోతే ఈళ్ళకి ఎట్లరా గడిచేది?”

పాసు సంగతి చెప్పాను. ఏప్రిల్‌లోనే కట్టించుకుంటారని, పడినా పడకపోయినా తిరిగివ్వరని.

“అంటే పదును కాకముందే దుడ్లు చేతికొచ్చేసినాయన్నమాట.”

“అవున్నాయనా.”

కాసేపు ఊరుకున్నాడు. “మీ జేజినాయనకి గూడా వొచ్చేటివిలే పదునుకు ముందు,” అన్నాడు. “సెట్టి ఇచ్చేటోడు. ఇత్తనాలకి, ఎరువుకి. వాన పడకపోతే ఆ దుడ్లు మాత్రం నిలబడే ఉండేటివి. వడ్డీతో.”

నేను ఇన్నాళ్ళూ సగమే చూశాను. ముందే డబ్బు రావడం వీళ్ళు కనిపెట్టిన వింతేం కాదు, మా ఇంట్లోనూ వచ్చేది. జేజినాయనకి వచ్చింది అప్పు. వీళ్ళకి వచ్చింది ఆదాయం. అక్కడ వాన పడకపోతే డబ్బు తీసుకున్నవాడు మునిగాడు, ఇక్కడ మంచు పడకపోతే డబ్బిచ్చినవాడు మునుగుతాడు. ఆకాశం చేసే మోసం ఒకటే, కాగితం మీద రాసుకున్న షరతు వేరు.

అందుకే నేనడిగేది పాసులు ఎత్తేయమని కాదు. తెరిచిన వాలుల లెక్కని బట్టి రోజు టికెట్టు ధర మారాలి. ఐదో వంతు కొండే తెరిచిన రోజున పూర్తి కొండ ధర అడగడం, తాలు కాయలకి మంచి కాయల రేటు అడిగినట్టే. మార్కెట్ యార్డులో ఆ బేరం ఎవడైనా ఒప్పుకుంటాడా? అలాగే మంచు సగటులో సగానికి పడిపోయిన ఏడు పాసు డబ్బులో కొంత తిరిగి రావాలి. అది ధర్మంగా ఇవ్వమనడం లేదు. ఆ లోయకి రోడ్డు, నీళ్ళు, పేరు తెచ్చింది 1960 నాటి జనం పన్నులు. స్కీ వాలుల్లో కొంత భాగం ఇవాళ్టికీ జాతీయ అటవీ భూమి మీదే ఉంది. నేలలో కొంత జనానిది, మొదటి పెట్టుబడిలో పెద్ద భాగం జనానిది. నష్టంలో మాత్రం మొత్తం వాటా జనానిదే కావాలంటే ఎట్లా?

మా గ్రూపులో ఇది రాస్తే ఒకాయన, “అంత లెక్కలేసుకుంటే స్లెడ్డింగు చేసుకో, ప్లాస్టిక్ తొట్టి పదిహేను డాలర్లు” అని జవాబిచ్చాడు. ఆయన మాటా నిజమే. రోడ్డు పక్క గుట్ట మీద తొట్టిలో కూచుని జారిన పూట మా పిల్లలు నవ్విన నవ్వు, వెయ్యి డాలర్ల పూట నవ్వలేదు.

నిన్న గరాజ్‌లో గొలుసుల్ని మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మేకుకి తగిలించాను. ఉప్పు అంటుకుని ఉంటే వచ్చే ఏటికి తుప్పు పట్టిపోతాయి. లోపలికొచ్చేసరికి మెయిల్ వచ్చి ఉంది: పాసు రెన్యూ చేసుకోండి, గురువారం తర్వాత ధర పెరుగుతుంది. కిటికీలోంచి చూస్తే ఏప్రిల్ ఎండ. వచ్చే జనవరిలో ఆ కొండ తెల్లగా ఉంటుందో, గడ్డిగా ఉంటుందో చెప్పగలిగినవాడు భూమ్మీద లేడు. చిన్నాడు వచ్చి, కేటీ-22 ఎక్కడానికి తనకి ఇంకెన్నేళ్ళు పడుతుందని అడిగాడు.

బుధవారం రాత్రి కార్డు నంబరు కొట్టాను. నాయనకి మాత్రం చెప్పలేదు.